దండెం మీద ఎర్ర దుప్పటి

ఆ గురువారం పొద్దున మిషనమ్మ వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికి కొడుకు కారులో కొండ కిందికి చేరడం, పదకొండు కొట్టేసరికి కొండ కొసకు ఎక్కడం, అక్కడి నుంచి తన ఇంటి పెరట్లోని దండెం కనిపిస్తుందో లేదో కళ్ళారా చూసుకోవడం, మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వచ్చి పడడం. ఇంతే. ఇంత చిన్న పని కోసం ఆవిడ ముప్పై ఎనిమిదేళ్ళు ఆగింది.

ఎందుకు ఆగిందో చెప్పాలంటే ముందు ఆవిడ కాలు సంగతి చెప్పాలి. నాలుగో ఏట జ్వరం వచ్చి ఎడమ కాలు చచ్చుబడింది. మిగిలిన కుడి కాలితోనే కుట్టు మిషన్ తొక్కి, ఆ ఊళ్ళో సగం మంది బడి పిల్లల యూనిఫారాలు కుట్టింది. అందుకే అందరికీ మిషనమ్మ అయింది. సమంగా ఉన్న చోట చేతికర్ర పట్టుకుని ఎంత దూరమైనా నడుస్తుంది గాని, ఎత్తు ఎక్కమంటే ఆ కాలు వినదు. కాబట్టి కొండ అంటే ఆవిడకు వంటింటి కిటికీలోంచి కనిపించే ఒక నీలం గీత, అంతే.

ఆ నీలం గీత మీదే ఆవిడ మొగుడు ఇరవై ఆరేళ్ళు ఉద్యోగం చేశాడు. కొండ కొసన ఒక ఇనుప టవరు, దాని మీద నాలుగు వైపులా అద్దాలున్న గది. అడవిలో ఎక్కడైనా పొగ లేస్తే చూసి కబురు చెయ్యడం ఆయన పని. నాలుగు రోజులు పైన, రెండు రోజులు ఇంట్లో. రిటైరై ఇన్నేళ్ళయినా ఆయన్ను టవరు తాత అనే పిలుస్తారు.

అప్పట్లో ఇళ్ళల్లో ఫోన్లు లేవు. అందుకని మొగుడూ పెళ్ళాం ఇద్దరూ ఒక ఏర్పాటు చేసుకున్నారు. పెరట్లో దండెం మీద తెల్ల దుప్పటి ఉంటే అంతా క్షేమం. ఎర్ర దుప్పటి ఉంటే ఉన్నపళంగా దిగి రావాలి. ఆ ఎర్ర దుప్పటి రెండుసార్లు పని చేసింది కూడా. ఒకసారి గాలివానకు ఇంటి కప్పు లేచిపోయినప్పుడు, ఇంకోసారి పెద్దదైన కూతురు ముక్కులో చొక్కా గుండీ దూర్చుకున్నప్పుడు. రెండుసార్లూ ఆయన గంటా పావులో ఇంట్లో ఉన్నాడు. మోకాళ్ళు దోక్కుపోయి, చొక్కా చిరిగి, చెప్పు ఒకటి కొండ మీద వదిలేసి మరీ వచ్చాడు.

మూడోసారి రాలేదు.

అప్పుడు మిషనమ్మకు ఎనిమిదో నెల. పొద్దున తొమ్మిదింటికి నొప్పులు మొదలయ్యాయి. ఎర్ర దుప్పటి దండెం మీద ఉంది. పది అయింది, పదకొండు అయింది, పన్నెండు అయింది. కొండ దారి వైపు చూసి చూసి ఆవిడ మెడ పట్టేసింది. చివరికి రొట్టెలు అమ్మే ఆయన బండి ఆపి, రొట్టెల బుట్టలు ఒక పక్కకు జరిపి, ఆవిడను పడుకోబెట్టి ఆసుపత్రికి తోలాడు. ఆసుపత్రి గేటు ఇంకా వంద గజాలుందనగా, వేడి రొట్టెల మధ్య కొడుకు పుట్టాడు. ఆ కొడుకును ఈ రోజుకీ ఇంట్లో బండి అనే పిలుస్తారు. మర్నాటి సాయంత్రం డ్యూటీ దిగి ఇంటికి వచ్చిన తాత, ఉయ్యాల చూసి, ఈ బిడ్డ ఎవరి తాలూకు అని అడిగాడట.

మిషనమ్మ అరవలేదు, ఏడవలేదు. ఒకే ఒక్క మాట అడిగింది: దుప్పటిని చూశారా, చూడలేదా? తాత ఒక్క క్షణం ఆలోచించి, చూడలేదు, ఇంటికి అడ్డంగా చెట్టు పెరిగిందన్నాడు. మొదటి సంవత్సరం అది ఒక మోస్తరు చెట్టు. ఐదో ఏటికి దాని మీద గద్దలు గూళ్ళు పెట్టాయి. పదో ఏటికి దాని మొదలు ముగ్గురు మనుషులు చేతులు కలిపినా అందనంత లావైంది. అడవిలో ఏ చెట్టూ పెరగనంత ఏపుగా ఆ చెట్టు తాత నోట్లో పెరిగింది. కొండ ఎక్కలేని మిషనమ్మకు అది ఉందో లేదో చూసే దారి లేదు. దుప్పటి మడిచి పెట్టెలో అడుగున పడేసింది, ఇక సంకేతాలు వద్దంది. కాని ఏడాదికి రెండు మూడుసార్లయినా, కూర తరుగుతూనో దారం ఎక్కిస్తూనో, చూశారా, చూడలేదా అని అడగడం మానలేదు. ఆయన రాలేదన్న బాధ ఎప్పుడో పోయింది. చూసి కూడా రాలేదా, అసలు చూడలేదా, అదొక్కటే ఆవిడకు తేలాలి. ఆ రెంటికీ మధ్య ఎంత దూరముందో పెళ్ళయిన ఆడవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు.

అలాంటిది, కిందటి నెలలో బండి ఒక కబురు మోసుకొచ్చాడు. కొండ మీదికి అటవీ శాఖ వాళ్ళు కొత్త బాట వేశారు. చక్రాల కుర్చీలో కూర్చున్నవాళ్ళు కూడా కొస దాకా వెళ్ళొచ్చు. ఎక్కడా మెట్టు లేదు, ఏడు మలుపులు, మలుపు మలుపుకీ బెంచీ, గేటు దగ్గర కుర్చీ కూడా వాళ్ళే ఇస్తారు. వినగానే మిషనమ్మ కత్తెర కింద పెట్టింది. తాత ఆ పూట అన్నం సగంలో వదిలేశాడు. చెక్కల బాట జారుతుందన్నాడు. పైన గాలి మంచిది కాదన్నాడు. అసలు ఆ కొండ ఇప్పుడు మునుపటంత ఎత్తు లేదని కూడా అన్నాడు.

మిషనమ్మ ఏ వాదనా పెట్టుకోలేదు. కూతుర్ని ఒక్కదాన్ని పక్కకు పిలిచి పని అప్పజెప్పింది. గురువారం సరిగ్గా పదకొండింటికి పెట్టెలోంచి ఎర్ర దుప్పటి తీసి దండెం మీద వేసి, ఇంటికి తాళం పెట్టి, పనికి వెళ్ళిపోవాలి. తెల్లది వేస్తే అంత పైనుంచి ఏది దుప్పటో ఏది గోడో తెలియదు, పైగా తగువు ఎర్ర దాని మీద గనక ఎర్రదే వెయ్యాలి. నాన్నకు మాత్రం తెలియకూడదు. కూతురు మందుల షాపులో పని చేస్తుంది. చీటీలో ఏం రాసి ఉంటే అదే ఇస్తుంది, ఎందుకని అడగదు. సరేనంది.

గురువారం తొమ్మిదింటికి బయల్దేరారు. తొమ్మిదీ పదికి తాత కళ్ళజోడు మరిచిపోయానన్నాడు. వెనక్కి వెళ్ళి తెచ్చారు. తొమ్మిదిన్నరకు ఇది దగ్గరి చూపుది, దూరం చూపుది కాదన్నాడు. మళ్ళీ వెనక్కి వెళ్ళారు. గేటు దగ్గరికి చేరేసరికి పది దాటింది. గేటు గుమాస్తా కుర్చీ ఇచ్చాడు, నాలుగో నంబరుది, కొత్త రబ్బరు వాసన వేస్తోంది. బండి కుర్చీ పట్టుకోబోతే తాత అతని చెయ్యి తీసేశాడు.

"మీ అమ్మను నేను తోసుకుంటా. నువ్వు కారులో పడుకో."

బండికి కళ్ళు చెమర్చాయి. ఈ వయసులో కూడా నాన్నకు అమ్మంటే ఎంత ప్రేమో అనుకుని, కారు సీటు వెనక్కి వాల్చి పడుకున్నాడు. ఎవరు తోస్తే వాళ్ళ చేతిలో వేగం ఉంటుందన్న సంగతి అతనికి తట్టలేదు. మిషనమ్మకు వెంటనే తట్టింది గాని, నోరు విప్పితే పథకం బయటపడుతుందని ఊరుకుంది.

బాట మాత్రం ఎంత బాగా వేశారో. చెక్కకూ చెక్కకూ మధ్య చేతికర్ర మొన ఇరుక్కోనంత సన్నటి సందు. అంచుల్లో చక్రం జారకుండా బెత్తెడు ఎత్తు కట్ట. ఒక పక్క పొడుగునా పట్టుకోవడానికి కమ్మీ, దాని కింద కుర్చీలో ఉన్నవాళ్ళ చేతికి అందేలా ఇంకో కమ్మీ. కళ్ళు కనపడనివాళ్ళు తడిమి చదువుకునేలా పొడుచుకొచ్చిన అక్షరాలతో పలకలు. తాత ప్రతి పలకనూ గొంతెత్తి చదివాడు. చదివింది అర్థమైందా అని అడిగి మళ్ళీ చదివాడు. ప్రతి బెంచీ మీదా కూర్చున్నాడు. రెండో మలుపులో ఒక పురుగు బాట దాటుతోందని కుర్చీ ఆపి, అది పూర్తిగా దాటిందాకా కదల్లేదు.

మిషనమ్మ చేతి గడియారం చూసుకుంటూనే ఉంది. కాని నాలుగో మలుపు దగ్గరికి వచ్చేసరికి ఆవిడ చూపు గడియారం మీద నుంచి జారిపోయింది. ఆ అడవి ఆవిడకు కొత్త కాదు మరి. ఇరవై ఆరేళ్ళు మొగుడి పంట్లాం అంచులకు అంటుకుని ఇంటికి వచ్చిన అడవే అది. ఆయన దిగి వచ్చిన ప్రతిసారీ గుమ్మంలో కూర్చోబెట్టి, బట్టలకు గుచ్చుకున్న గింజలూ ముళ్ళూ ఒక్కొక్కటే ఏరేది. పైన ఏది పూసిందో ఏది ఎండిందో వాటిని బట్టే తెలిసేది. ఇప్పుడు చెయ్యి చాపి బాట పక్కన పొదలోంచి ఒక గింజ తుంపి, అరచేతిలో పెట్టుకుని చూసింది. రెండు కొమ్ములున్న నల్ల గింజ.

"ఇదేనా అండీ? మీ మేజోళ్ళ నిండా ఇదే ఉండేది. తీస్తే వేళ్ళు నెత్తురు కారేవి."

"అదే. దాని పువ్వు నువ్వు చూడలేదు కదూ. పసుపు రంగు, గోరంత ఉంటుంది. నేను ఒకసారి జేబులో వేసుకుని తెచ్చా, ఇంటికొచ్చేసరికి పిండైపోయింది."

"నాకు చెప్పలేదే."

"పిండిని పువ్వని ఏం చెప్తాం."

తాత నిజంగానే మెల్లగా తోశాడు, ఈసారి ఆలస్యం చేద్దామని కాదు. పాత కాలిబాట ఇటునుంచి ఎలా పోయేదో చూపించాడు, వానాకాలంలో ఏ రాయి పట్టుకుని దిగేవాడో చూపించాడు. ఈ ముసలాణ్ణి ఇప్పుడు నిలదీసి ఏం బావుకుంటానని మిషనమ్మకు ఒక్క నిమిషం అనిపించింది కూడా. ఆ నిమిషం అయిపోయింది. గడియారం చూసుకుంది. పదకొండు కావడానికి ఇంకా పది నిమిషాలుంది, మలుపులు మూడున్నాయి.

"కాస్త తొయ్యండి. నేనేమీ అంత బరువు లేను."

ఐదో మలుపు తిరుగుతుండగా కొండ కొసన సైరన్ మోగింది.

ఆ సైరన్ ఎందుకు మోగిందో అప్పటికి బాట మీద ఎవరికీ తెలియదు. కథ వినేవాళ్ళు తికమక పడకూడదు కాబట్టి చెబుతున్నాను. మందుల షాపు కూతురు చీటీ ప్రకారం సరిగ్గా పదకొండింటికి దుప్పటి ఆరేసి, తాళం పెట్టి వెళ్ళిపోయింది. టవరు మీద ఇప్పుడు కాపలా ఉన్నది ముప్పై ఏళ్ళ అమ్మాయి. ఆ ఎర్ర దుప్పటి ఆ పిల్ల కంట పడింది. టవరు గదిలో ఒక పాత నోటు పుస్తకం ఉంది, పని ఎలా చెయ్యాలో మొదటి కాపలాదారు రాసి పెట్టింది. ఆ దండెం మీద ఎర్ర దుప్పటి కనిపిస్తే ఏం చెయ్యాలో అందులో రాసి ఉంది. ఆ అమ్మాయి తు.చ. తప్పకుండా అదే చేసింది. సైరన్ మోగించింది, వాకీటాకీలో గేటుకు చెప్పింది, టవరు దిగి కొండ కిందికి పరుగు పెట్టింది.

గేటు గుమాస్తా ఫైర్ స్టేషనుకు ఫోన్ చేసి ఇంటి గుర్తులు చెప్పాడు. కాపలా మనిషి టవరు దిగితే, పొగ చూసేవాళ్ళు లేరు గనక, కొండ మీద సందర్శకులు ఉండకూడదు. అది ఇంకో రూలు. కాబట్టి మైకులో అందర్నీ దిగమన్నాడు. బాట మీద పనిచేసే ఒక దిట్టమైన మనిషి వచ్చి నాలుగో నంబరు కుర్చీని మర్యాదగా కిందివైపు తిప్పాడు. మిషనమ్మ రెండు చేతులతో కమ్మీ పట్టుకుంది.

"బాబూ, రెండే మలుపులు. ముప్పై ఎనిమిదేళ్ళుగా వస్తున్నా."

"రూలు బామ్మగారూ. నాదేం లేదు."

"రూలంటే రూలేనే. పెద్ద ఉద్యోగస్తుల మాట కాదనకూడదు," అన్నాడు తాత.

అంతవరకూ పురుగుకు దారిచ్చిన తాత, అక్కడి నుంచి కుర్చీని దించిన వేగానికి ఆ దిట్టమైన మనిషి వెనక పరిగెత్తలేక ఆయాసపడ్డాడు. కుర్చీకి బ్రేకు ఉందని తాతకు గుర్తు చెయ్యాల్సి వచ్చింది.

కింద ఊళ్ళో ఈలోగా ఫైరింజన్ మిషనమ్మ వాళ్ళ నీలం తలుపు ఇంటి ముందు ఆగింది. తలుపుకు తాళం. పక్కింటావిడ బయటికి వచ్చి, లోపల కాలు బాగాలేని పెద్దావిడ ఉంటుందని, ఎక్కడికీ కదలదని, తాళం వేసి ఉందంటే ఎవరో కావాలనే పెట్టారని తన అనుమానం చెప్పింది. వాళ్ళు తలుపు బాదారు. పలకలేదు. వంటింటి కిటికీ అద్దం తీశారు. ఒకతను లోపలికి దూరి, మిషన్ పక్కన నిలబెట్టిన బట్టల బొమ్మను మిషనమ్మ అనుకుని భుజాన వేసుకుని బయటికి తెచ్చాడు. పక్కింటావిడ అది చూసి స్పృహ తప్పింది. ఇంటి గేటుకు, బట్టలు కుట్టబడును అన్న బోర్డు మీద, బండి ఫోన్ నంబరు ఉంది. దానికి ఫోన్ చేశారు.

కారులో నిద్రపోతున్న బండికి సగమే వినిపించింది. మీ అమ్మగారు ఎంత బాదినా తలుపు తియ్యడం లేదండీ అన్నారు. అమ్మ కొండ మీద ఉంది. కొండ మీద తలుపు ఎక్కడుంది? మూడో మలుపులో కొత్తగా కట్టిన, చక్రాల కుర్చీ పట్టే మరుగుదొడ్డికి ఉంది. బండి ఇంకేం ఆలోచించలేదు. జనమంతా దిగుతుంటే తానొక్కడే ఎదురు పరిగెత్తి, ఆ తలుపును రెండు పిడికిళ్ళతో బాదడం మొదలుపెట్టాడు.

"అమ్మా, కంగారు పడకు. గొళ్ళెం పైకెత్తి నీవైపు లాగు."

"నేను అమ్మను కాను నాయనా," అని లోపలి నుంచి ఒక మగ గొంతు వినిపించింది. "బతిమాలుకుంటున్నా, రెండు నిమిషాలు ఇటు రాకు."

సరిగ్గా అప్పుడే పైనుంచి తాత తోస్తున్న కుర్చీ వచ్చింది. కుర్చీ వెనకే, అందర్నీ తప్పించుకుంటూ, మెడలో దుర్భిణి ఎగురుతుండగా కాపలా అమ్మాయి వచ్చింది. మలుపు నిండిపోయింది. బండి తలుపు వదిలేసి అమ్మ వైపు చూశాడు, మళ్ళీ తలుపు వైపు చూశాడు, లోపల ఉన్నది ఎవరో అతనికి అంతుపట్టలేదు.

కాపలా అమ్మాయి దారివ్వమని చేతులెత్తి దణ్ణం పెట్టింది.

"దయచేసి జరగండి. కింద తూర్పు వీధి చివరింట్లో ఒక పెద్దావిడ ప్రమాదంలో ఉంది. ఎర్ర దుప్పటి వేసింది."

మిషనమ్మ చేతికర్ర అడ్డం పెట్టింది. గొంతు పెంచలేదు.

"నీలం తలుపు ఇల్లేనా తల్లీ?"

"అదే."

"దుప్పటి వేసినట్టు నీకెవరు చెప్పారు?"

"ఒకరు చెప్పేదేముందండీ, కనిపించింది. టవరు మీద నుంచి ఆ ఇల్లు అరచేతిలో ఉన్నట్టుంటుంది."

మిషనమ్మ కుర్చీ కమ్మీ పట్టుకుని, ఒళ్ళు మొత్తం వెనక్కి తిప్పి మొగుడి మొహం చూసింది. తాత ఎదురుగా ఉన్న పలక మీద పొడుచుకొచ్చిన అక్షరాలను వేళ్ళతో తడుముతున్నాడు.

"చెట్టు కొట్టేసి ఉంటారే," అన్నాడు ఆ పలకతోనే.

"ఏ చెట్టు తాతగారూ? అటువైపంతా ఒట్టి బండే కదా. అక్కడ గడ్డి కూడా మొలవదు," అంది అమ్మాయి.

ముప్పై ఎనిమిదేళ్ళ మహావృక్షం, గద్దల గూళ్ళతో సహా, మరుగుదొడ్డి ముందు కూలిపోయింది.

ప్రమాదంలో ఉన్న పెద్దావిడ తానేనని మిషనమ్మ చెప్పింది. దుప్పటి ఎందుకు వేయించిందో కూడా చెప్పింది. అమ్మాయికి మొదట అర్థం కాలేదు, అర్థమయ్యాక అక్కడే చెక్కల మీద కూలబడింది. వాకీటాకీలో గేటుకు కబురు వెళ్ళింది, గేటు నుంచి ఫైరింజన్ వాళ్ళకు వెళ్ళింది. కాపలా మనిషి తిరిగి పైకి పోవాలి గనక, బాట మళ్ళీ తెరిచారు. నేనూ వస్తానంది మిషనమ్మ. ఈసారి కుర్చీ వెనక ఎవరుండాలో ఆవిడే చెప్పింది. బండి బడి బస్సు తోలే మనిషి. మిగిలిన మలుపులన్నీ పది నిమిషాల్లో దాటించాడు. తాత వెనకాల, చేతులు వెనక్కి కట్టుకుని, హెడ్మాస్టరు గదికి పిలిచిన పిల్లాడిలా నడిచాడు.

కొండ కొసన చదునైన అరుగు ఉంది. అంచున కట్టిన పిట్టగోడను, కుర్చీలో కూర్చున్నవాళ్ళ చూపుకు అడ్డం రాకుండా, ఒకచోట పొట్టిగా కట్టారు. బండి కుర్చీని అక్కడ నిలిపాడు. మిషనమ్మ పుట్టి పెరిగిన ఊరిని మొదటిసారి పైనుంచి చూసింది. వంతెన, ఆసుపత్రి, బడి, వాటి మధ్య దారప్పోగుల్లా వీధులు. అన్నీ తెలిసినవే, కాని ఎవరో విప్పి పరిచినట్టున్నాయి. ఆ చివర అగ్గిపెట్టంత ఇల్లు. దాని వెనక చుక్కంత ఎరుపు. కళ్ళజోడు కూడా అక్కర్లేకుండా కనిపించింది.

అమ్మాయి ఇచ్చిన దుర్భిణి పెట్టుకుని చూస్తే పెరడంతా కనిపించింది. నలుగురు ఫైర్ వాళ్ళు దండెం కింద నీళ్ళు తాగుతున్నారు. పక్కింటావిడ మంచం మీద పడుకుని ఉంది. మందుల షాపు కూతురు పని మీది కోటుతోనే వచ్చి, బట్టల బొమ్మను చంకన పెట్టుకుని ఎవరితోనో గొడవ పడుతోంది. మిషనమ్మ దుర్భిణి దించి ఒళ్ళో పెట్టుకుంది.

"ఇన్నాళ్ళూ చూడలేదన్నారు," అంది.

జవాబు చెప్పే పని తాతకు లేకుండా, కాపలా అమ్మాయి టవరు గదిలోంచి ఆ నోటు పుస్తకం తెచ్చింది. అట్ట ఊడిపోతే ఎవరో తాడుతో కుట్టారు. కొత్తగా వచ్చిన ప్రతి కాపలాదారు చేతా మొదటి రోజునే ఆ పేజీ బట్టీ పట్టిస్తారని చెప్పింది. రాసినాయన ఎవరో తెలియదు గాని, చాలా నిక్కచ్చి మనిషై ఉంటాడంది. ఆ నిక్కచ్చి మనిషి గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. అమ్మాయి చదివింది.

"కొండ కింద తూర్పు వీధి చివరి ఇల్లు. నీలం తలుపు. రోజూ పొద్దున ముందు ఆ ఇంటి దండెం చూడాలి. దాని మీద ఎర్ర దుప్పటి కనిపిస్తే ఉతికి ఆరేశారేమో అనుకోరాదు. టీ తాగుతూ కూర్చోరాదు. డ్యూటీలో ఎవరున్నా సరే సైరన్ వేసి వెంటనే దిగాలి. ఆ ఇంట్లో ఉన్నది పరుగెత్తలేని మనిషి."

చదవడం అయిపోయాక తాత ఇటు తిరిగాడు. మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఊరి వైపు పెట్టుకున్నాడు.

"చూశానే. ఎండ బాగా కాస్తోంది. దుప్పటి ఉతికావేమో అనుకున్నా. ఇంతే జరిగింది. రొట్టెల బండి దిగి బిడ్డనెత్తుకున్న మనిషితో, నువ్వు బట్టలు ఉతుక్కుంటున్నావనుకున్నానని ఏ మొహంతో చెప్పను? చెట్టన్నా. అది అక్కడితో పోతుందనుకున్నా."

మిషనమ్మ ఏదైనా అంటుందని బండి కుర్చీ పట్టుకుని భయంగా నిలబడ్డాడు. ఆవిడ ఆ పేజీ ఇమ్మని చెయ్యి చాపింది. చివరి వాక్యం మీద వేలు పెట్టి, కూడబలుక్కుని తనే ఒకసారి చదువుకుంది.

"అంటే ముప్పై ఎనిమిదేళ్ళుగా ఎవరో ఒకరు రోజూ నా దండెం చూస్తున్నారన్నమాట," అంది.

"రోజూ బామ్మగారూ. నిన్న మీరు పచ్చ చొక్కాలు మూడు ఆరేశారు, ఒకదానికి చేతులు లేవు," అంది అమ్మాయి.

మిషనమ్మ నవ్విందో ఏడ్చిందో పక్క నుంచి చూసినవాళ్ళకు తెలియలేదు. పైట కొంగుతో కళ్ళు తుడుచుకుంది. పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, గొంతు సవరించుకుని, మొగుడి వైపు కాకుండా ఆసుపత్రి వైపు చూస్తూ చెప్పింది.

"ఆ దుప్పటి ఆ పూట ఉతికిందే."

"ఏమన్నావు?"

"రాత్రి పెద్దది పక్క తడిపింది. తెల్లారకుండానే ఉతికి ఆరేశా. నొప్పులు తొమ్మిదింటికి గదా వచ్చాయి. దుప్పటి ఎలాగూ దండెం మీదే ఉంది, వస్తారులే అని కూర్చున్నా."

తాత గిరుక్కున ఆవిడ వైపు తిరిగాడు.

"మరి ముప్పై ఎనిమిదేళ్ళు నన్ను నంజుకు తిన్నావే."

"నేనడిగింది చూశారా, చూడలేదా అనేగా. ఉతికావా అని మీరు ఒక్కసారైనా అడిగారా?"

తాను రొట్టెల మధ్య పుట్టడానికి అసలు కారణం అక్కయ్యేనన్న సంగతి బండికి అప్పుడే తెలిసింది. అక్కకు ఫోన్ చెయ్యబోయాడు గాని, కొండ మీద సిగ్నల్ లేదు.

ఆ తర్వాత ముసలివాళ్ళిద్దరూ కిందికి దిగడానికి ఒప్పుకోలేదు. భోజనం వేళ దాటినా, ఆ పొట్టి గోడ దగ్గర పక్కపక్కనే కూర్చుని, ఏ రోజు ఏది ఆరేసిందో, ఏ రోజు ఆయన ఏది చూశాడో, ఒక్కొక్కటే తీసుకుని సరిచూసుకున్నారు. ఈ రూలు ఇక ఉంచాలా, కొట్టెయ్యాలా అని కాపలా అమ్మాయి పెద్దల సలహా అడిగింది. తాత కొట్టెయ్యమన్నాడు. మిషనమ్మ కలం అడిగి తీసుకుంది.

ఇప్పుడు ఆ పేజీలో తాత రాత కింద వంకర టింకర అక్షరాలతో ఇంకో వాక్యం ఉంది, కొత్తగా చేరినవాళ్ళు దాన్ని కూడా బట్టీ పడుతున్నారు: దుప్పటి నుంచి నీళ్ళు కారుతుంటే మాత్రం, టీ పూర్తిగా తాగి దిగవచ్చును.